ఆరో వార్డు తొండ

నారాయణపేట
5 ఆగస్టు 2018

శ్రీమతి కోమల టీచరు గారికి, రేగులకుంట బడిలో మొదటి బెంచీ మీద నీ పక్కన కూర్చుని నీ పలక చూసి రాసిన లీలమ్మ నమస్కరించి రాయునది.

నవ్వకు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకోకు. దూరవిద్య ఎం.ఏ. ఫలితాలొచ్చాయి. అన్ని పేపర్లూ గట్టెక్కాయి, ఒక్కటి తప్ప. "అమెరికా సమాజం, ప్రభుత్వం: నాడు, నేడు." ముప్ఫై ఒకటి వచ్చాయి, నలభై రావాలి. తెలియక పోయిందంటే బాధ లేదు కోమలా. అరగంట రాసేసరికి చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. చీరల దుకాణంలో కూర్చుని ఫోను మీద వేలితో గీకడం తప్ప నేను పెన్ను పట్టి ఎన్నేళ్ళయిందో!

మా ఆయన నాగరాజు ఒక సలహా ఇచ్చాడు. "దినాం రెండు పేజీలు చేత్తోని రాయి. ఎవలికన్న ఉత్తరం రాయి. నాకు మాత్రం రాయకు" అన్నాడు. ఇంట్లో వద్దన్నారు గనుక నీకు రాస్తున్నాను. ఈ ఏడాది నువ్వూ ఇదే పేపరు కట్టావు కదా, ఇద్దరికీ పనికొస్తుంది. షరతులు మూడు. డిసెంబరు పరీక్షల దాకా ఫోను ముట్టకూడదు. పరీక్షలో రాసే భాషలోనే రాయాలి, ఎవరి మాటైనా చెప్పేటప్పుడు మాత్రం వాళ్ళ నోటి మాటే. ప్రతి ఉత్తరంలో ఒక్క అమెరికా ముక్కైనా ఉండాలి.

నా ముక్క ఇదిగో. ఎలక్టోరల్ కాలేజీ అని ఒకటుంది. అదేమిటో ఎన్నిసార్లు చదివినా ఎక్కదు. మా ఆయన్ను అడిగితే, "అడ్మిషన్లు ఎప్పుడంట?" అన్నాడు. నువ్వు చెప్పు.

నీ
లీల


రేగులకుంట (మోత్కూర్ దగ్గర)
19 ఆగస్టు 2018

లీలా,

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ చేతిలో చూసి మా వీధంతా గుమిగూడింది. కోర్టు నోటీసు అనుకున్నారు.

అది కాలేజీ కాదు తల్లీ. అక్కడ అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు. ఒక్కో రాష్ట్రానికి కొందరు ప్రతినిధులుంటారు, మొత్తం ఐదు వందల ముప్ఫై ఎనిమిది మంది. వాళ్ళ ఓట్లతో తేలుతుంది. దేశమంతా కలిపి ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మనిషి కూడా ఓడిపోవచ్చు. మా ప్రైవేటు బడిలో ఏడో తరగతి పిల్లలకు ఇది చెబితే ఒకమ్మాయి, "మేడం, గది తొండి కాదా?" అంది.

సాయంత్రం పూట నేను పైకి చదువుతుంటే మా అమ్మ జానమ్మ పక్కన కూర్చుని వింటుంది. అమ్మకు అక్షరం రాదని నీకు తెలుసు, కానీ చెవి మహా గట్టిది. నిన్న నల్లవాళ్ళకు, తెల్లవాళ్ళకు వేరువేరు నల్లాలు ఉండేవన్న పాఠం వచ్చింది. అమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"ఏందే, ఆడ గూడ నీళ్ళు వేరేనా?"

"వేరే ఉండేనమ్మా. బస్సులల్ల సీట్లు, బడులు, అన్నీ వేరే."

"మరి గంత దూరమోళ్ళు మనకాడికొచ్చి నేర్చుకున్నరా, మనోళ్ళే ఆడికి పోయి నేర్పిన్రా?"

ఈ ప్రశ్న పరీక్షలో వస్తే నేను గుండు సున్నా.

కోమల


నారాయణపేట
9 సెప్టెంబరు 2018

కోమలా,

జానమ్మ అత్తను నా బదులు పరీక్షకు పంపించడానికి వీలవుతుందేమో కనుక్కో.

ఈ వారం మద్యనిషేధం చదివాను. పందొమ్మిది వందల ఇరవై నుంచి పదమూడేళ్ళపాటు అమెరికాలో సారా, బ్రాందీ అన్నీ బంద్. రాజ్యాంగాన్నే సవరించి ఆపారు, మళ్ళీ రాజ్యాంగాన్నే సవరించి తెరిచారు. మధ్యలో జనం ఆగారా? దొంగ దుకాణాలు వీధికొకటి. మన బెల్టు షాపులు వాళ్ళ దగ్గర దిగదుడుపు. ఇంకో విశేషం వింటావా? డాక్టరు చీటీ రాసిస్తే మందుల షాపులో విస్కీ ఇచ్చేవారట! ఇది మీ ఇస్రాయేలు చిన్నాయనకు తప్పకుండా చదివి వినిపించు.

రెండు పేజీలు రాసినా చెయ్యి నొప్పి పెట్టలేదు. మా ఆయన నా రాత చూసి, "మునుపు కోడి గెలికినట్టుండె, ఇప్పుడు జర కోడిపుంజు గెలికినట్టున్నది" అన్నాడు. దీన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

లీల


రేగులకుంట
20 అక్టోబరు 2018

లీలా,

ఆలస్యానికి క్షమించు. చిన్నాయనకు వినిపించాను. "గసుంటి డాక్టరు మోత్కూర్ల ఒక్కడన్న ఉన్నడా బిడ్డా?" అని వారం రోజులుగా నా వెంటపడుతున్నాడు.

ఈసారి నీకొక ఇరవై మార్కుల ప్రశ్న. "జెర్రీమాండరింగ్ అనగానేమి? అట్లు చేసినవారిపై నీ అభిప్రాయమేమి?" పుస్తకం చూసి రాయి, పరవాలేదు. కానీ అభిప్రాయం నీదే కావాలి. దాచకుండా రాయి. నేనే దిద్దుతాను.

కోమల


నారాయణపేట
26 అక్టోబరు 2018

దిద్దే టీచరు గారికి,

జవాబు. పద్దెనిమిది వందల పన్నెండులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి గెర్రీ అనే గవర్నరు ఉండేవాడు. తన పార్టీ గెలవడానికి వీలుగా నియోజకవర్గాల సరిహద్దులు వంకర టింకరగా గీసిన చట్టం మీద సంతకం పెట్టాడు. ఎదుటి పార్టీ వాళ్ళు ఎక్కువమంది ఉన్నచోటును ముక్కలు చేసి, ఒక్కో ముక్కను తమవాళ్ళ మధ్య కలిపితే, వాళ్ళు ఎక్కడా గెలవలేరు. అలా గీసిన ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే జంతువులా ఉందని ఒక పత్రిక బొమ్మ వేసింది. సాలమాండర్ అంటే మన తొండకు నీళ్ళలో తిరిగే చుట్టం లాంటిది. గెర్రీ పేరూ దాని పేరూ కలిపి ఈ మాట పుట్టింది. ఈ పని నాడే కాదు, నేడూ జరుగుతోంది. కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి.

నా అభిప్రాయం. ఓటు వెయ్యనివ్వకపోవడం దౌర్జన్యం. వెయ్యనిచ్చి, దాన్ని చెల్లకుండా చెయ్యడం మోసం. నేను దౌర్జన్యం చేసేవాణ్ణైనా క్షమిస్తానేమో గానీ, స్కేలు పట్టుకుని నవ్వుతూ మోసం చేసేవాణ్ణి క్షమించను. చీర అంచు నేసేటప్పుడు ఒక్క పోగు తప్పితే మా నేతగాళ్ళు అంతా విప్పి మళ్ళీ నేస్తారు. గీసినవాడి చేతే ఆ గీత చెరిపించాలి. చెరిపేదాకా వాడికి ఆ ఊళ్ళో మంగలి గడ్డం గీయకూడదు, చాకలి బట్టలుతకకూడదు, సొంత చెల్లెలు కూడా రాఖీ కట్టకూడదు.

ఎన్ని మార్కులు?

లీల


రేగులకుంట
1 నవంబరు 2018

లీలా,

ఇరవైకి పద్దెనిమిది. శిక్ష మరీ కఠినంగా ఉంది కాబట్టి రెండు కోశాను.

ఇప్పుడు నీకు మన ఊరి కబురు. పంచాయతీ ఎన్నికలొస్తున్నాయి. వార్డులు కొత్తగా గీసి, ఓటర్ల ముసాయిదా జాబితా పంచాయతీ గోడకు అంటించారు. అభ్యంతరాలుంటే ఇరవై మూడో తేదీ లోపల మండలాఫీసులో ఇవ్వాలట. ఊరికి పది వార్డులు. మా కాలనీ మొత్తం ఆరో వార్డు, నీకు తెలిసిందే. నూట ముప్ఫై రెండు ఓట్లు. ఎప్పుడూ మా మనిషే మెంబరు. ఇస్రాయేలు చిన్నాయన మెంబరుగా ఉన్నప్పుడు కొట్లాడి కాలనీకి నీళ్ళ ట్యాంకు రాయించాడు. ఇంకా కట్టలేదు.

కొత్త జాబితాలో మా ముప్ఫై ఎనిమిది ఓట్లు నాలుగో వార్డులో, నలభై ఒకటి ఐదో వార్డులో కలిశాయి. మిగిలిన యాభై మూడు ఆరులోనే ఉన్నాయి గానీ, ఆ ఆరో వార్డును కుంట చుట్టూ తిప్పి, పొలాల వైపు బాయికాడి ఊరివాళ్ళ ఇళ్ళన్నీ అందులో పోశారు. ఇంటి నంబర్లు చూసుకుంటూ నేనొక కాగితం మీద గీత గీశాను. తల మా చర్చి దగ్గర. మెడ ఒక సందు. పొట్ట బాయికాడ. తోక రైసుమిల్లు వెనక. అచ్చం తొండ.

చిన్నాయనదీ, ఆయన అన్నదీ ఒకటే గోడ. అన్న నాలుగో వార్డు, తమ్ముడు ఆరో వార్డు. చిన్నాయన పొయ్యి అన్న వాటాలో, అంటే నాలుగులో ఉంది, మంచం ఆరులో ఉంది. "వండుకునుడు ఒక వార్డుల, పండుకునుడు ఒక వార్డులనా?" అని నవ్వుతున్నాడు. నాకు నవ్వు రావడం లేదు. ఇప్పుడు మూడు వార్డుల్లోనూ మేము తక్కువే. వాటిలో ఒకటి మా వాళ్ళకే రిజర్వు అయినా, మాలో ఎవరు గెలవాలో వేరేవాళ్ళే తేలుస్తారు. ట్యాంకు ఎక్కడికి పోతుందో నువ్వే ఊహించుకో.

కోమల


నారాయణపేట
6 నవంబరు 2018

ఏమే కోమలా!

నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవడే వాడు? మన రేగులకుంటలో మసాచుసెట్స్ ఎప్పుడు మొలిచింది? రాసింది పంచాయతీ కార్యదర్శి అయి ఉంటాడు గానీ, చెప్పి రాయించినవాడు వేరే ఉంటాడు. వాడి పేరు నువ్వు ఎందుకు రాయలేదు?

పరవాలేదు, నువ్వు ఫికర్ చెయ్యకు. మా అమరేందర్ అన్నయ్య ఉన్నాడుగా. ఊళ్ళో ఆయన మాటంటే ఇప్పటికీ గౌరవమే. మా రైసుమిల్లు దగ్గర కూర్చుని ఒక్క కేక వేస్తే ఆ కార్యదర్శి జాబితా చింపి మళ్ళీ రాస్తాడు. షరతు నీకూ నాకూ మధ్యే గనుక అన్నయ్యకు ఫోను చెయ్యవచ్చు. ఈ సాయంత్రమే చేస్తాను. రేపటికల్లా నీ తొండ తోక తెగుతుంది చూడు.

నీ
లీల


నారాయణపేట
8 నవంబరు 2018

కోమలా,

అన్నయ్యతో మాట్లాడాను. "నేనే చెప్పిన. అయితే ఏందే?" అన్నాడు.

నీకు ముందే తెలుసు కదా?

లీలమ్మ


రేగులకుంట
13 నవంబరు 2018

లీలా,

కార్డు మీద రెండు వాక్యాలు, ఒక ప్రశ్న. కింద లీలమ్మ అని పూర్తి పేరు. షరతు పక్కన పెట్టి నీకు నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు.

తెలుసు. నీకు ఆ ఇరవై మార్కుల ప్రశ్న పంపిన రోజుకే తెలుసు. అప్పటికి గోడకు అంటించలేదు గానీ, గొర్ల బీరన్న మిల్లు దగ్గర విని వచ్చి చెప్పాడు. సర్పంచు పదవి ఈసారి మహిళకు రిజర్వు అయ్యేలా ఉంది. మీ అన్నయ్యకు అది దక్కదు. మిగిలింది ఉపసర్పంచు. కొత్త చట్టంలో చెక్కు మీద సర్పంచుతో పాటు ఉపసర్పంచు సంతకమూ ఉండాలి. ఆ ఉపసర్పంచును ఎన్నుకునేది పది మంది వార్డు మెంబర్లూ, సర్పంచూ కలిసి. అందుకే ఆయనకు మెంబర్లు కావాలి. అందుకే మా కాలనీ మూడు ముక్కలైంది.

ఈ మాట నీకు చెప్పకుండా ప్రశ్న ఎందుకు పంపానంటావా? పరీక్షలో పేరు కనపడకుండా మూసేసి దిద్దుతారు. నేనూ అట్లా పేరు మూసి నీ జవాబు చూడాలనుకున్నాను. మీ అన్నయ్య పేరు ముందే రాసి ఉంటే, నువ్వు నా వైపు రాసినా మొహమాటానికి రాశావేమో అనుకునేదాన్ని. ఆయన వైపు రాస్తే ఏమనుకునేదాన్నో నాకే తెలియదు.

అది తప్పే. మనిద్దరి మధ్య అటువంటి అనుమానం ఉండకూడదు. కానీ నలభై ఏళ్ళుగా నేను ఈ ఊళ్ళో ఉన్నదాన్ని లీలా. నువ్వు పెళ్ళయ్యి వెళ్ళిపోయావు. బడిలో ఒక బెంచీ మీద కూర్చున్నాం గానీ, బడి విడిచాక నీ దారి మిల్లు వైపు, నా దారి చర్చి వైపు. ఆ అనుమానం నాకెక్కడిదో ఆ దారినడుగు.

అభ్యంతరం నేనే రాసుకుంటాను. నిన్ను ఇందులోకి లాగను.

కోమల


నారాయణపేట
17 నవంబరు 2018

కోమలా,

ఫోను ఎత్తితే ఏడ్చేదాన్ని. ఉత్తరంలో అయితే ఎంత ఏడ్చినా ఎవరికీ వినపడదు, సిరా మాత్రం కాస్త అలుక్కుంటుంది.

కార్డు రాశాక నీ మీద మూడు రోజులు కోపంగా ఉన్నాను. నాలుగో రోజు నా జవాబు నేనే మళ్ళీ చదువుకున్నాను. "సొంత చెల్లెలు కూడా రాఖీ కట్టకూడదు" అని రాసింది నేనే కదా! మా ఆయనకు చదివి వినిపించి, ఇప్పుడేం చెయ్యాలన్నాను. "నువ్వు రాసిన జవాబు పరీక్షకొరకేనా, నిజంగనేనా? పరీక్షకొరకైతే పక్కకు పెట్టు. నిజమైతే తేదీ దాటకముందు పంపు" అన్నాడు.

అందుకే దీంతో పాటు మూడు పేజీల అభ్యంతర పత్రం జత చేశాను. నా ఇరవై మార్కుల జవాబునే మండలాఫీసు భాషలోకి మార్చాను. గవర్నరును తీసేశాను, తొండనూ తీసేశాను. ఒకే గోడ కింది రెండిళ్ళు రెండు వార్డుల్లో ఎందుకున్నాయి, మధ్యలో కుంట ఉండగా వార్డు దాన్ని దాటి ఎట్లా పోయింది, పాత వార్డును ముక్కలు చెయ్యడానికి కారణం ఎక్కడ రాశారు అని మూడు ప్రశ్నలు వేశాను. ఎవరి పేరూ లేదు. గీత తప్పని చూపడానికి గీసినవాడి పేరు అక్కరలేదు.

ఒక్కటే మాట. దీన్ని నీ చేత్తో తిరిగి రాసుకుని, కాలనీ వాళ్ళ సంతకాలు పెట్టించు. నాకు ఓనమాలు దిద్దించింది అన్నయ్యే. నా అక్షరం ఆయన చీకట్లో కూడా గుర్తు పడతాడు.

లీల


రేగులకుంట
2 డిసెంబరు 2018

లీలా,

ముందు మంచి కబురు, తరువాత చెడ్డది.

మండలాఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చింది. దీప్తి అని, పాతికేళ్ళుంటాయి. చేతిలో జాబితా, వెనక కార్యదర్శి, ఆ వెనక ఊరంతా. "కాయితం మీద వద్దు, ఈ ఆరో వార్డు చుట్టూ ఒక్కసారి నడుద్దాం పదండి" అంది. చర్చి దగ్గర బయలుదేరాం. సందులోకి వచ్చేసరికి జాబితా ప్రకారం సరిహద్దు ఇస్రాయేలు చిన్నాయన ఇంట్లోంచి పోతోంది. ఆమె చెప్పులు విడిచి లోపలికి నడిచింది. మేమంతా వెనకే. చిన్నాయన గంజి తాగుతున్నాడు. "కూసోండ్రి మేడం. మీరు నిలవడ్డది నాలుగో వార్డు, జర ఇటు జరిగితే ఆరో వార్డు. ఏ వార్డుల చాయ తాగుతరు?" అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

తరువాత కుంట వచ్చింది. జాబితాలో గీత నీళ్ళ మీదుగా పోతుంది. కార్యదర్శి వైపు తిరిగి, "మీరు ఈత కొట్టుకుంటూ గీసిన్రా?" అంది. అతడు మీ రైసుమిల్లు వైపు చూశాడు, తరువాత తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మరో నాలుగు రోజులకు కొత్త జాబితా అంటించారు. కాలనీ మళ్ళీ ఒక్కటే వార్డు. నూట ముప్ఫై రెండు ఓట్లూ ఆరులోనే.

ఇక చెడ్డది. నీ కవరు నాకు ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం మూడింటికి అందింది. ఐదింటికి గడువు. తిరిగి రాస్తే సంతకాలకు టైము లేదు, సంతకాలకు పోతే రాయడానికి టైము లేదు. నీ కాగితాల మీదే సంతకాలు పెట్టించి, బీరన్న బండి వెనక కూర్చుని మోత్కూర్ పోయి ఇచ్చి వచ్చాను. అధికారిణి వచ్చిన రోజే, పంచాయతీలో విచారణప్పుడు మీ అన్నయ్య ఆ పత్రం అడిగి తీసుకుని చూశాడు. మొదటి పేజీ చదవలేదు లీలా. ఊరికే నీ అక్షరాలు చూస్తూ ఉండిపోయాడు. తరువాత మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అదే రోజు నీకు రాయవలసింది. ధైర్యం చాల్లేదు.

కోమల


నారాయణపేట
9 డిసెంబరు 2018

కోమలా,

నువ్వు రాయకముందే వదిన ఫోనులో చెప్పింది. విచారణ మర్నాడే నేను రేగులకుంట వచ్చాను. నీ దగ్గరికి రాలేదు. ఇది నేను నీకు దాచిన సంగతి, లెక్క సరిపోయింది.

అన్నయ్య వాకిట్లో పేపరు చదువుతున్నాడు. తల ఎత్తలేదు.

"గా దరఖాస్తు నీదేనా?"

"నాదే అన్నయ్యా."

"'అభ్యంతరము' అన్న కాడ 'భ'కు ఒత్తు మంచిగ పెట్టినవు. చిన్నప్పుడు ఎన్ని దెబ్బలు కొట్టినా పెట్టకపోతివి."

నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు.

"ఊరోళ్ళ ముంగట నా చెల్లెతోనే కొట్టించుకున్న. ఇగ నువ్వు ఈ ఇంటికి రాకు."

వదిన అన్నం వడ్డించింది. తినకుండానే బస్సెక్కాను. మహబూబ్‌నగర్ దాకా ఏడ్చి, అక్కడి నుంచి పాఠం చదువుకున్నాను. పరీక్ష దగ్గరపడింది మరి.

నీ మీద కోపం లేదు. రెండు గంటల్లో మూడు పేజీలు తిరిగి రాయడం ఎవరి వల్ల అవుతుంది? అదే చెయ్యగలిగితే మనం ఈ ఉత్తరాలే రాసుకునేవాళ్ళం కాదు.

లీల


రేగులకుంట
3 ఫిబ్రవరి 2019

నా లీలకు,

పరీక్ష హాల్లో ఇద్దరం చెరో మూల కూర్చున్నాం, మాట్లాడుకోవడానికి కుదరలేదు. నీ బస్సుకు టైమైందని పరుగెత్తావు. చెప్పవలసినవన్నీ మిగిలిపోయాయి.

ఆరో వార్డు మా వాళ్ళలో మహిళకు రిజర్వు అయింది. నన్ను నిలబడమన్నారు. బడి, పిల్లల పరీక్షలు అని నేను గొణుగుతుంటే మా అమ్మ చేట పక్కన పెట్టి, "నేను నిలవడ్త" అంది. అరవై ఎనిమిదేళ్ళు! నామినేషను కాగితం మీద వేలిముద్ర వేస్తుంటే మిల్లు మనిషి ఒకడు, "సంతకం రాని ముసల్ది మెంబరు ఎట్లయితది?" అన్నాడు. అమ్మ నా వైపు తిరిగి, "గా సబ్బు ముచ్చట జెప్పవే" అంది. అందరి ముందూ చెప్పాను. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళు ఓటు రాయించుకోవడానికి పోతే చదువు పరీక్ష పెట్టేవారు. చదువుకున్నవాళ్ళు పోయినా, సబ్బుబిళ్ళలో బుడగలెన్ని అని అడిగిన సందర్భాలున్నాయని చెబుతారు. పంతొమ్మిది వందల అరవై ఐదులో చట్టం వచ్చాకే ఆ పరీక్షలకు అడ్డుకట్ట పడింది. "నువ్వు జెప్పు కొడుకా, ఎన్ని బుడగలుంటయ్?" అని అమ్మ అతణ్ణి అడిగింది. ఎన్నికలయ్యేదాకా అతణ్ణి పిల్లలు కూడా "ఎన్ని బుడగలు?" అనే పలకరించారు.

అమ్మ డెబ్భై ఒక్క ఓట్ల మెజారిటీతో గెలిచింది. అసలు వింత తరువాత జరిగింది. మీ అన్నయ్య తన వార్డులో గెలిచాడు, ఉపసర్పంచుకు నిలబడ్డాడు. ఎదురుగా తన వార్డులో గెలిచిన బీరన్న నిలబడతానన్నాడు, మూడో వార్డు మెంబరు గిరి కాదు నేనన్నాడు. ఇద్దరిలో ఎవరూ తగ్గరు. చీలితే మీ అన్నయ్యదే గెలుపు. చివరికి విసుగొచ్చి బీరన్న, "నాకూ వద్దు, నీకూ వద్దు, జానమ్మవ్వకు ఇద్దాం" అన్నాడు. చేతులెత్తమన్నారు. మీ అన్నయ్యకు ఐదు చేతులు. అమ్మకు ఆరు. ఆరో చెయ్యి అమ్మదే. తనకు తాను ఓటేసుకోవచ్చా అని ముందు నన్ను అడిగి మరీ ఎత్తింది.

ఇంటికొచ్చి చేట తీసుకుంది. నేను ఏడుస్తుంటే, "ఎందుకేడుస్తవే? ట్యాంకు కట్టించాలె. ఇసుక ఏడ దొరుకుతదో కనుక్కో" అంది.

నాకు గర్వంగా ఉంది. కానీ ఈ గెలుపు కోసం నీ పుట్టింటి గడప పోయింది.

కోమల


నారాయణపేట
24 ఫిబ్రవరి 2019

ఉపసర్పంచు గారి కూతురికి,

ఫలితాలు చూశావా? నాకు యాభై ఆరు. నీకు ముప్ఫై ఏడు! మొదటి బెంచీ కోమల తప్పింది, పలక చూసి రాసిన లీల గట్టెక్కింది. నిజం చెప్పు, జెర్రీమాండరింగ్ ప్రశ్నకు ఏం రాశావు? మసాచుసెట్స్ వదిలేసి తొమ్మిది పేజీలు రేగులకుంట రాశావు కదూ? దిద్దినాయన ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉందో వెతుక్కుని అలిసిపోయి ఉంటాడు. బెంగ పడకు, మళ్ళీ కట్టు. ఈసారి ఉత్తరాలు నేను దిద్దుతాను.

పుట్టింటి గడప సంగతి. నిన్న దుకాణంలో ఉండగా అన్నయ్య ఫోను చేశాడు. మూడు నెలల తరువాత. బాగున్నావా అని అడగలేదు. నేనూ అడగలేదు.

"ఏమే, నీ అమెరికా పుస్తకంల ఓడిపోయినోళ్ళు ఏం చేస్తరే?"

"గెలిచినోళ్ళకు ఫోను చేసి సంతోషమని చెప్తరు అన్నయ్యా."

"చట్టమా?"

"చట్టం కాదు, ఆచారం."

"జానమ్మకు ఫోను లేదు కదనే."

"అయితే ఇంటికి పోవాలె."

తరువాత చాలా నెమ్మదిగా అడిగాడు. "గా కాలనీల జానమ్మ ఇల్లు ఏది?"

కోమలా, ఆయన ఆ ఊళ్ళోనే పుట్టాడు. యాభై రెండేళ్ళు. నూట ముప్ఫై రెండు ఓట్లను ఇంటి నంబర్లతో సహా మూడు ముక్కలు చేశాడు. ఒక్కసారైనా ఆ వీధిలోకి నడిచి ఉండలేదు.

దారి చెప్పాను. చర్చి దాటాక ఎడమ చేతి సందు, నీలం తలుపు, వాకిట్లో చేట పట్టుకుని కూర్చున్న ఆమె అని. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక వస్తానన్నాడు. వస్తే కుర్చీ వెయ్యండి. మరీ మెత్తటిది మాత్రం వద్దు.

నీ
లీల